నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: వియత్నాం వాళ్ల ‘కామ్ అన్’

ఉద్యోగం మీద హో చి మిన్ సిటీలో దిగిన రోజు, ఎయిర్‌పోర్టులోనే నేర్చుకున్న మాట ఇది. కామ్ అన్, అంటే థాంక్స్. చైనా భాష నుంచి వచ్చిన ముక్కలట: కామ్ అంటే మనసుకు తగలడం, అన్ అంటే చేసిన మేలు. రెండు ముక్కలేగా, వచ్చేసిందిలే అనుకున్నా. నాలుగేళ్లయినా ఇంకా తప్పులు పోతున్నాయి.

పలకడం పెద్ద చిక్కేం కాదు. ‘అన్’ని పెదాలు గుండ్రం చేయకుండా కాస్త సాగదీయాలి. మొదట్లో నేనంటుంటే ఇంగ్లీషు ‘కమాన్’లా ఉందని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. అయినా అర్థమయ్యేది.

అసలు తంటా ఎవరికి చెబుతున్నామన్న దగ్గరే. ఫోన్లో యాప్ నాకు ‘కామ్ అన్ బాన్’ అని నేర్పింది. బాన్ అంటే ఫ్రెండు. మా సందు మొగలో కాఫీ బండి ఆవిడకు యాభై అయిదేళ్లుంటాయి. రెండు నెలలపాటు ఆవిడతో అదే అన్నా. ఓ పొద్దున ఐసు కాఫీ గ్లాసు చేతికివ్వకుండా పట్టుకుని, నావైపు వేలు చూపి ‘కాన్’, తనవైపు చూపి ‘కో’ అంది. బిడ్డ, అత్త. ‘యా, కాన్ కామ్ అన్ కో’ అని మూడుసార్లు అనిపించాకే గ్లాసిచ్చింది.

మనమూ ముక్కూమొహం తెలియనివాళ్లను అక్కా, బాబాయ్ అంటాం. కాకపోతే మనల్ని మనం ‘నేను’ అనే అనుకుంటాం. ఇక్కడ ‘నేను’ అనాల్సిన చోట కూడా చుట్టరికమే. నాకంటే కాస్త పెద్దామె ‘చి’, అంటే అక్క; ఆమె ముందు నేను ‘ఎమ్’, అంటే తమ్ముడు. ‘తోయ్’ అని ఉత్త ‘నేను’ ఉంది గానీ, దాంతో థాంక్స్ చెబితే బ్యాంకు నోటీసులా ఉంటుంది. వరస తేలాలి కాబట్టే పరిచయమైన నిమిషానికే ఏ ఏడు పుట్టావని అడుగుతారు. మొదట్లో ఒళ్లు మండేది. ఓసారి అడగడం మానేసి, ‘చి’ అనాల్సిన కొలీగ్‌ని ‘కో’ అన్నా. మన దగ్గర ‘ఆంటీ’ అంటే ఏమవుతుందో అదే అయింది.

ఇక ఆ ముందు వచ్చే ‘యా’. షాపుల్లో పిల్లలు మాటమాటకీ అంటుంటే ఇంగ్లీషు ‘యా’ అనుకుని, ఇదేం నిర్లక్ష్యం అనిపించేది. తీరా చూస్తే అది మన ‘అండీ’ లాంటిది, మాట చివర కాకుండా ముందొస్తుంది. హనోయ్‌లో అదే ‘జా’. అక్కడ చివర ‘ఆ’ కూడా తగిలిస్తారు, నా ‘కాన్’ కాస్తా ‘చావ్’ అయిపోతుంది. పెద్దాయన ముందు నన్ను నేను చావ్, చావ్ అనుకుంటుంటే తెలుగు చెవికి ఎంత అపశకునమో! బదులు మాత్రం హాయిగా ఉంటుంది: ‘ఖోమ్ కో చి’, అచ్చం మన ‘అబ్బే, దానికేముంది’. ఇందులోని కో, చి మాత్రం ఆ అత్తా, అక్కా కావు.

మోతాదు మించితే మాత్రం తిరగబడుతుంది. పోయినేడు నాకు జ్వరమొస్తే పై అంతస్తు ఓనరమ్మ గంజి కాచి తెచ్చింది. గిన్నె రెండు చేతులా అందుకుంటూ ఒకసారి, తిన్నాక ఒకసారి, గిన్నె తిరిగిస్తూ ఇంకోసారి కామ్ అన్ చెప్పా. ‘ఖాక్ సావ్!’ అని కసిరింది. అంటే చుట్టపుచూపు మర్యాదలు చాలించమని. మా అమ్మ అయినా ‘ఇంట్లోవాళ్లకి థాంక్సేంట్రా’ అనేది. అప్పట్నుంచి ఆవిడ దగ్గర ఆ మాట తగ్గించా. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా పూతరేకులు తెచ్చిస్తున్నా.