‘ఇన్ఫినిటీ వస్తోంది’ అన్నారని అడాప్టర్ కొనేయకండి

పీఎల్ మౌంట్ (లెన్స్ కెమెరాకు తగిలే చోటు) ఉన్న సినిమా లెన్సులు వాడదామని సోనీ ఈ-మౌంట్ కెమెరాకు అడాప్టర్, అంటే రెండిటి మధ్య పెట్టే రింగు, కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు ఒక రోజు షూటింగ్ మొత్తం పోయింది. ఇంకొకరికి అలా జరగకూడదనే రాస్తున్నాను.

నేను కొన్నది లోపల గ్లాసు లేని మామూలు లోహపు అడాప్టర్. చేతిలో బరువుగా ఉంది, కెమెరాకు బిగుతుగానే కూర్చుంది. అమ్మినవాళ్లు చెప్పిన పరీక్ష కూడా చేశాను. లెన్స్ తగిలించి ఎక్కడో దూరంగా ఉన్న బిల్డింగ్ మీద ఫోకస్ పెడితే స్పష్టంగా వచ్చింది. “ఇన్ఫినిటీ (ఎంతో దూరంలో ఉన్నవాటి మీద ఫోకస్) వస్తోంది కదా, ఇక ఢోకా లేదు” అన్నారు. నమ్మేశాను.

షూటింగ్ రోజు అద్దెకు తెచ్చిన 18 మి.మీ. లెన్స్ పెట్టాం, ఐరిస్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) దాదాపు పూర్తిగా తెరిచాం. షాట్‌లో ఫోకస్ చూసుకునే మనిషి, ఫోకస్ పుల్లర్, ఎప్పటిలాగే టేపుతో కొలిచి, నటి నిలబడే చోటుకు లెన్స్ మీది దూరాల స్కేలులో 3 మీటర్లని మార్కు పెట్టుకున్నాడు. చిన్న మానిటర్‌లో అంతా బాగానే కనిపించింది. రాత్రి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఆమె ముఖం సాఫ్ట్‌గా ఉంది. వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు మాత్రం చక్కగా చదవొచ్చు. ఆ రోజు తీసిన వైడ్ షాట్లన్నీ అదే తీరు. అందరి ముందూ ఫోకస్ పుల్లర్‌నే తప్పుపట్టాను. అతని కొలతలో ఏ తప్పూ లేదని తర్వాత తెలిసింది. వెళ్లి క్షమాపణ చెప్పాను.

లెన్స్ రిపేరు చేసే ఒక టెక్నీషియన్ దగ్గర అడాప్టర్‌ను కొలిపించాను. పీఎల్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సర్ వరకు 52 మి.మీ. ఉండాలి. ఈ-మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. అంటే అడాప్టర్ మందం సరిగ్గా 34.00 మి.మీ. ఉండాలి. నాది ఒక వైపు 33.96, దానికి ఎదురు వైపు 33.92 ఉంది. సగటున 0.06 మి.మీ. తక్కువ. వెంట్రుక మందమంత తేడాకు ఇంత గొడవేంటి అని నేనూ అడిగాను.

ఆయన చెప్పిన లెక్క ఇది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే గుణించి, వచ్చినదాన్ని తేడాతో భాగించాలి. 18ని 18తో గుణిస్తే 324. దాన్ని 0.06తో భాగిస్తే 5,400 మి.మీ., అంటే 5.4 మీటర్లు. నా అడాప్టర్ మీద ఈ లెన్స్ స్కేలు 5.4 మీటర్లు చూపించే చోటే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది. 3 మీటర్ల మార్కు దగ్గర పెడితే నిజంగా ఫోకస్ పడేది 6 మీటర్లు దాటాకే. అందుకే గోడ స్పష్టంగా, ముఖం సాఫ్ట్‌గా వచ్చాయి. అదే 85 మి.మీ. లెన్స్ అయితే ఆ లెక్క 120 మీటర్లకు వెళుతుంది, మామూలు షాట్లలో తేడా పెద్దగా కనబడదు. కొనేటప్పుడు నేను పరీక్షించింది 85 తోనే. అన్ని లెన్సులూ అచ్చం ఈ లెక్కకు రాకపోవచ్చు గానీ, వైడ్ లెన్సే ముందు దెబ్బతింటుందన్నది మాత్రం ఖాయం.

ఇక్కడే అసలు మోసం ఉంది. అడాప్టర్ మందం ఎక్కువైతే ఇన్ఫినిటీ అసలు రాదు, కొన్నవాళ్లు వెంటనే పట్టేస్తారు. తక్కువైతే లెన్స్ ఇన్ఫినిటీని దాటి కూడా తిరుగుతుంది, కాబట్టి ఆ పరీక్షలో ఎప్పుడూ పాసే. చవక రకాలను కావాలనే కాస్త పల్చగా చేయడానికి కారణం ఇదే. కంటితో చూసి ఫోకస్ పెట్టుకునే స్టిల్ ఫోటోలకు దీంతో ఇబ్బంది లేదు. స్కేలును నమ్మి పనిచేసే సినిమా లెన్సులకు వచ్చేసరికి కథ వేరు. జూమ్ లెన్స్ అయితే మరీ కష్టం. దగ్గరికి లాగి ఫోకస్ పెట్టి వెనక్కి వస్తే బొమ్మ సాఫ్ట్ అయిపోతుంది.

మందం తక్కువైతే షిమ్‌లు, అంటే పల్చటి రింగులు, వేసి సరిచేయొచ్చు. నా దానిలో రెండు వైపులా కొలత వేరు కాబట్టి లెన్స్ కాస్త వంగి కూర్చుంటోంది, ఫ్రేములో ఒక అంచు ఎప్పుడూ సాఫ్టే. దానికి షిమ్ పనిచేయదు. పైగా ఫోకస్ రింగును అటూ ఇటూ గట్టిగా తిప్పితే బొమ్మ కదిలేది. కింద రాడ్ల మీద లెన్స్ సపోర్టు పెట్టినా ఆ కదలిక పూర్తిగా పోలేదు.

మీరు పరీక్షించేటప్పుడు మీ దగ్గరున్న అన్నిటికన్నా వైడ్ లెన్స్ పెట్టండి. ఐరిస్ పూర్తిగా తెరవండి. కెమెరా మీద సున్నాను గీత కోసినట్టుండే గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉండేది అక్కడే. అక్కడి నుంచి 2 మీటర్లు కొలిచి ఒక చార్టు పెట్టి, మానిటర్‌లో బాగా పెద్దది చేసి చూస్తూ ఫోకస్ తిప్పండి. అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నచోట స్కేలు 2 మీటర్లే చూపించాలి. ఇంకో లెన్స్‌తో కూడా చూడండి, తప్పు లెన్స్‌దా అడాప్టర్‌దా తేలిపోతుంది.

ఇంకో రకం ప్రకటనలు కూడా చూస్తున్నాను, కెనాన్ ఈఎఫ్ లెన్సులను పీఎల్ కెమెరాకు తగిలించే అడాప్టర్లని. ఈఎఫ్‌లో అంచు నుంచి సెన్సర్‌కు దూరం 44 మి.మీ., పీఎల్‌ది 52. మధ్యలో రింగుకు చోటే లేదు. గ్లాసు లేకుండా ఇన్ఫినిటీ రాదు, గ్లాసు పెడితే బొమ్మ నాణ్యత దాని మీద ఆధారపడుతుంది. సినిమా కెమెరాలు చేసే ఆరీ వాళ్ల ఎల్‌పీఎల్ మౌంట్ దూరం కూడా 44 మిల్లీమీటర్లే. అందుకే దానిమీద పీఎల్ లెన్సుకు 8 మి.మీ. అడాప్టర్ సరిపోతుంది, ఈఎఫ్ లెన్సుకు మాత్రం మౌంటే మార్చాలి. ఈఎఫ్ నుంచి కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు 24 మి.మీ., ఈ-మౌంట్‌కు 26 మి.మీ. చోటుంది, అక్కడ ఇబ్బంది లేదు. అయితే అడాప్టర్‌లో కరెంటు కనెక్షన్లు బాగుండాలి, అవి తెగితే ఐరిస్ ఉన్నచోటే ఆగిపోతుంది.

అమ్మినవాళ్లను కొలతల కాగితంతో అడిగితే “ఇన్ఫినిటీ వస్తోంది కదండీ” అన్న ఒక్క మాటే మళ్లీ చెప్పారు. వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు వాడుతున్నది షిమ్‌లతో పాటు వచ్చింది. కెమెరాతో కలిపి కొలిపించి, 0.02 మి.మీ. షిమ్ వేయించాకే షూటింగ్‌కు తీసుకెళ్లాను. పాతది నా దగ్గరే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఇస్తారా అని ఇద్దరు అడిగారు, కొలతలు చెప్పి వద్దన్నాను.