ఏడాదంతా సాగే ఇంటి చదువుకు ఆంకీ ఎంతవరకు పనికొస్తుంది?

ఆరు వారాలు చదువు, ఒక వారం సెలవు. ఏడాది పొడవునా పిల్లల్ని ఇంట్లోనే చదివించేవాళ్లు చాలామంది పెట్టుకునే లెక్క ఇదే. రెండు నెలల సెలవుల్లో మరిచిపోయినంత ఒక్క వారంలో మరిచిపోరు. కానీ ఇలాంటి సెలవులు ఏడాదికి ఏడెనిమిది వస్తాయి, వాటి మధ్య జ్వరాలూ ప్రయాణాలూ ఉండనే ఉంటాయి. చదివింది ఆ ఖాళీల్లో జారిపోకుండా చూడటానికి ఫ్లాష్‌కార్డుల (ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు ఉండేవి) సాఫ్ట్‌వేర్ ఆంకీ చాలా మంచి సాధనం. పిల్లలకు సరిపడేలా సెట్టింగులు మార్చి ఇవ్వాలి, అంతే. మార్చకుండా చేతికిస్తే త్వరలోనే విసుగెత్తి వదిలేస్తారు.

2006 నుంచి ఉన్న ఈ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్‌లో దీనికి తోడుగా ఉన్న ఆంకీడ్రాయిడ్ కూడా ఉచితమే, ఐఫోన్ యాప్ మాత్రం కొనుక్కోవాలి. బాగా గుర్తున్న కార్డును చాలా రోజుల తర్వాత, మరిచిపోయినదాన్ని వెంటనే మళ్లీ అడగడం దీని పద్ధతి.

మొదట మార్చాల్సింది రోజుకు వచ్చే కొత్త కార్డుల సంఖ్య. మామూలుగా అది 20 ఉంటుంది. రోజూ అన్ని కొత్తవి చేరుతూ పోతే, కొన్ని వారాల్లో పాత కార్డుల పునశ్చరణే రోజుకు 200 దాకా పెరుగుతుంది. పదేళ్ల పిల్లకు అది మోయలేని బరువు. 5కి తగ్గించండి. అప్పుడు పునశ్చరణ రోజుకు 50 దగ్గర ఆగుతుంది. కార్డుకు ఎనిమిది సెకన్లు వేసుకున్నా ఏడు నిమిషాల్లో అయిపోతుంది. ఆరు వారాల్లో, వారానికి ఐదు రోజుల చొప్పున, 150 కొత్త విషయాలు చేరతాయి. తక్కువేం కాదు.

డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ ఆన్ చేయండి. ఏ కార్డును మళ్లీ ఎప్పుడు అడగాలో తేల్చే లెక్క ఇది. 2023లో చేరిన ఈ కొత్త లెక్క పాతదానికంటే తక్కువ పునశ్చరణతోనే అంతే గుర్తుంచుతుంది. డిజైర్డ్ రిటెన్షన్, అంటే అడిగిన కార్డుల్లో ఎంత వంతు గుర్తుండాలన్న లక్ష్యం, 0.90 దగ్గరే ఉంచాలి. 'ఇంకా బాగా గుర్తుండాలి' అని 0.95కి పెంచితే రోజువారీ పని ఒక్కసారిగా పెరిగిపోతుంది.

పిల్లల విషయంలో లెక్క ఎక్కువగా పాడయ్యేది, జవాబు చూశాక ఎంత గుర్తుందో చెప్పడానికి నొక్కే బటన్ల దగ్గరే. జవాబు మరిచిపోయి కూడా 'ఎగైన్' నొక్కడానికి మనసొప్పక 'హార్డ్' నొక్కుతారు. ఆంకీ దృష్టిలో హార్డ్ అంటే కష్టం మీదైనా గుర్తొచ్చిందని అర్థం. అలా నొక్కుతూ పోతే అసలు రాని కార్డు కూడా వచ్చినట్టే లెక్కలోకి ఎక్కుతుంది. రెండే బటన్లు వాడమని మొదటిరోజే చెప్పండి: రాకపోతే ఎగైన్, వస్తే గుడ్. పక్కన కూర్చుని నాలుగు రోజులు గమనిస్తే అలవాటు కుదురుతుంది.

కార్డు రాయడంలోనూ జాగ్రత్త కావాలి. 'నీటి చక్రాన్ని వివరించు' అని ఒకే కార్డు పెడితే, పిల్లవాడు ఆవిరి, మేఘం చెప్పి వాన దగ్గర ఆగుతాడు. అది వచ్చినట్టా, రానట్టా? 'నీరు ఆవిరి కావడానికి వేడి ఎక్కడినుంచి వస్తుంది?', 'పైకి వెళ్లిన ఆవిరి ఎందుకు చల్లబడుతుంది?' అని విడదీయాలి. పాఠం అర్థమయ్యాకే కార్డు. అర్థం కానిది ఎన్నిసార్లు తిప్పినా నిలవదు.

ఇక అసలు సంగతి, సెలవులు. మీరు సెలవు తీసుకున్నారని ఆంకీకి తెలియదు. రోజుకు 40 కార్డులు వచ్చే డెక్‌ను వారం వదిలేస్తే తిరిగొచ్చేసరికి 200 పైన పోగవడం మామూలే. అందుకని సెలవుకు వారం ముందే కొత్త కార్డుల్ని సున్నా చేయండి. కొత్తగా నేర్చిన కార్డులే తొందరగా తిరిగొస్తాయి కాబట్టి, వాటిని ఆపితే సెలవు వారపు భారం బాగా తగ్గుతుంది. ఎంత తగ్గిందో స్టాటిస్టిక్స్‌లోని 'ఫ్యూచర్ డ్యూ' గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మిగిలినవి సెలవులో కూడా రోజుకు ఐదు నిమిషాలు చేయిస్తే సరే, చేయించకపోయినా కొంప మునగదు. ఆలస్యంగా అడిగినా జవాబు గుర్తొస్తే, ఆంకీ ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకుని తర్వాతి విరామాన్ని పెంచుతుంది.

తిరిగొచ్చాక పోగైనదంతా ఒక్కరోజులో తీర్చాలని కూర్చోబెట్టకండి. రోజువారీ పునశ్చరణ పరిమితిని 60కి దించితే కుప్ప మెల్లగా కరుగుతుంది. కొత్త కార్డుల్ని సున్నా నుంచి తిరిగి 5కి మార్చినా, ఆ పరిమితి నిండినన్నాళ్లూ అవి కనిపించవు. చెడిపోయిందేమోనని చాలామంది కంగారుపడేది ఇక్కడే. కుప్ప తగ్గాక అవే వస్తాయి.

హాజరుకు, రోజువారీ పాఠాల చిట్టాకు ఇది పనికిరాదు, వాటికి వేరే నోటుపుస్తకం కావాలి. గుణకారాలు, పదాల అర్థాలు, నిర్వచనాలు, తేదీలు దీనికి తగినవి. వ్యాసరచన, ప్రయోగాలు, చదివి ఆనందించాల్సిన కథలు ఇందులోకి తేకండి.

ఇద్దరు పిల్లలుంటే ఒకే డెక్ పంచుకోనివ్వొద్దు, ఎవరి జ్ఞాపకం వారిది. కంప్యూటర్‌లో ఒక్కొక్కరికి ఒక ప్రొఫైల్ తెరిచి, ఒక్కొక్కదానికి విడిగా ఆంకీవెబ్ (కార్డుల్ని ఆన్‌లైన్‌లో దాచి, పరికరాల మధ్య కలిపే సేవ) ఖాతా పెట్టండి. ఇద్దరినీ ఒకే ఖాతాకు కలిపితే, సింక్ చేసేటప్పుడు ఏది ఉంచాలని అడుగుతుంది. అక్కడ తొందరపడి నొక్కితే ఒకరి కార్డుల మీద ఇంకొకరివి వచ్చి పడతాయి.