పాలమూరులో జాన్ ఫోర్డ్: మేడ మీది చిన్న ప్రదర్శనశాల

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక మేడ మీద, అరవై కుర్చీలు పట్టే ప్రదర్శనశాలలో, నాలుగు ఆదివారాలు వరుసగా జాన్ ఫోర్డ్ చిత్రాలు చూశాను. టికెట్టు 80 రూపాయలు. 1917 నుంచి 1966 వరకు 140కి పైగా చిత్రాలు తీసిన ఈ అమెరికన్ దర్శకుణ్ణి మన ఊళ్లో పెద్ద తెర మీద చూపించాలని ఒకరు పూనుకోవడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ సంతోషంతోనే, దిద్దుకోవలసినవి కూడా రాస్తున్నాను.

మొదటి వారం 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ వేశారు. అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో నవాహో తెగ మూలవాసుల నేల మీద ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో ఫోర్డ్ తొలిసారి చిత్రీకరణ జరిపింది దీనికోసమే. నిటారుగా లేచిన ఆ రాతి గుట్టల కింద గుర్రపు బండి చీమలా పాకుతుంటే, మనిషి ఎంతటివాడో మాటల అవసరం లేకుండానే తెలిసిపోతుంది. అయితే ఆ రోజు తెరంతా నిండాలన్న తాపత్రయంతో బొమ్మను అడ్డంగా సాగదీశారు. నిలువుకు 1.37 రెట్లు ఉండవలసిన అడ్డం 1.78 రెట్లయింది. గుట్టలు చదునయ్యాయి, గుర్రాలు పొట్టివయ్యాయి, నటుడు జాన్ వేన్ ముఖం ఉబ్బిపోయింది. మనిషిని నేలకూ ఆకాశానికీ మధ్య ఎక్కడ నిలబెట్టాడన్నదే ఫోర్డ్ చిత్రాల్లో సగం కథ కనుక ఇది చిన్న లోపం కాదు. విరామంలో చెప్పగానే నిర్వాహకులు ప్రొజెక్టరు అమరిక మార్చారు. ఇరువైపులా నల్లని పట్టీలు వచ్చినందుకు తెర తగ్గిపోయిందని కొందరు గొణిగారు గాని, గుట్టలు మళ్లీ లేచి నిలబడ్డాయి.

రెండో వారపు ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1940) కోసమే ఈ నాలుగు ఆదివారాలనూ గుర్తుపెట్టుకుంటాను. భూమి పోయిన ఓక్లహోమా రైతు కుటుంబం పాత లారీలో సామానేసుకొని కాలిఫోర్నియాకు కూలికి పోయే కథను పాలమూరులో ఎవరికీ విప్పిచెప్పనవసరం లేదు. ఊరు విడిచే ముందు తల్లి ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చొని, పెట్టెలోని పాత ఉత్తరాలను మంటలో వేస్తుంది. ఒక జత చెవిపోగులు దొరికితే వాటిని చెవుల దగ్గర పట్టుకొని, మసకగా కనిపించే తన ప్రతిబింబాన్ని చూసుకుంటుంది. గ్రెగ్ టోలండ్ ఛాయాగ్రహణంలో ఆ ముఖం మీద మంట వెలుగు తప్ప మరేమీ ఉండదు. తల్లి పాత్ర వేసిన జేన్ డార్వెల్ అక్కడ ఒక్క మాటా పలకదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన యౌవనంలో బొంబాయిలో మట్టిపని చేసి వచ్చినవారు. ఆయన మెల్లగా, “మా అమ్మ గిట్లనే సందుగ సదిరింది సారూ, బస్సెక్కే రోజు” అన్నారు. ఆ మాట విన్నాక మిగతా చిత్రమంతా నేను ఆయనతో కలిసే చూసినట్టయింది.

మూడో వారం ‘ద సెర్చర్స్’ (1956). చీకటి తెరలో తలుపు తెరుచుకోవడంతో మొదలై, జాన్ వేన్ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొని గడప బయటే నిలిచిపోయి వెనుదిరగగా, ఆ తలుపు మూసుకోవడంతో ముగిసే చిత్రమిది. సరిగ్గా అప్పుడే టీల కోసం హాలు వెనక తలుపు తీశారు. వీధి వెలుగు తెర మీద పడి, ఆ చివరి నలుపు బూడిదరంగైపోయింది. చిత్రం పూర్తయ్యేదాకా ఆ తలుపు తీయకూడదని నిర్వాహకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. చివరి వారం వేసిన ‘ద మాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్’ (1962) ఏ ఆటంకమూ లేకుండా సాగింది.

ప్రతి ప్రదర్శనకు ముందు తెలుగులో పది నిమిషాల పరిచయం ఉంటుంది. దర్శకుడిగా ఫోర్డ్ అందుకున్న నాలుగు ఆస్కార్లలో ఒక్కటి కూడా వెస్టర్న్ చిత్రానికి, అంటే అమెరికా పడమటి సీమల కౌబాయ్ కథకు, రాలేదన్న సంగతి నలుగురికీ తెలిసేలా చెప్పారు. కాని ‘స్టేజ్‌కోచ్’లో అపాచీ తెగ మూలవాసులు పేరూ ఊరూ లేని శత్రువులుగానే వచ్చిపోవడం గురించి మాట్లాడవలసింది. ఈసారి 1964 నాటి ‘షాయెన్ ఆటమ్’ కూడా వేస్తే, అదే దర్శకుడు మూలవాసుల గోడు చెప్పడానికి చేసిన ప్రయత్నాన్నీ, అందులోని లోపాలనూ ప్రేక్షకులే బేరీజు వేసుకోగలుగుతారు.

తెర మీద వచ్చేవి ఇంగ్లీషు అక్షరాలే కనుక, కథను ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ఇస్తే పెద్దలకు ఉపకారం. ప్రదర్శన సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. జడ్చర్ల నుంచి వచ్చేవారు ముందే చేరుకొని, నడుమ వరుసల్లో కూర్చుంటే మంచిది.