కాఫీ ఒకచోట, నెట్ ఇంకోచోట

మేనమామ కూతురి పెళ్లికి ఆఫీసులో రెండు రోజులే సెలవిచ్చారు. మిగతా నాలుగు రోజులు ఎక్కడి నుంచైనా పని చేసుకోమన్నారు. ఆ "ఎక్కడి నుంచైనా" అన్న మాటకు హైదరాబాదులో ఒక అర్థం, అమలాపురం పక్క పల్లెలో ఇంకో అర్థం. పెళ్లింట్లో ఒక గదినిండా సారె సామాను, ఇంకో గదినిండా పడుకున్న బంధువులు, వరండాలో మైకు టెస్టింగు. అందుకని ఈ నాలుగు రోజులూ కాఫీ, కరెంటు, నెట్ మూడూ ఒకేచోట దొరికే జాగా కోసం తిరిగాను. ఇలాంటి అవసరం ఇంకెవరికైనా పడొచ్చని రాస్తున్నాను.

మొదటి రోజు రాజమండ్రి. గౌతమి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున దించింది. స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో పద్నాలుగు వందలకు రూము తీసుకున్నాను. కింద బోర్డు మీద "ఫ్రీ వైఫై" అని పెద్ద అక్షరాలు. పాస్‌వర్డ్ అడిగితే కౌంటర్లో కుర్రాడు "మేనేజరు గారొస్తే చెబుతారండీ" అన్నాడు. ఆయన వచ్చేసరికి తొమ్మిదిన్నర. పాస్‌వర్డ్ వచ్చింది కానీ నెట్ రాలేదు. రౌటరు కింద కౌంటరు దగ్గరుంది, నా రూము మూడో అంతస్తు. బాత్రూము తలుపు దగ్గర నిలబడితే ఒక గీత కనబడేది. అడ్వాన్సు కట్టే ముందే ఫోను పట్టుకుని రూములోకి వెళ్లి చూసుకోండి. నేను కట్టాక చూశాను.

కాఫీ విషయంలో మాత్రం రాజమండ్రికి వంక పెట్టలేను. కోటిపల్లి బస్టాండు వైపు ఒక టిఫిన్ హోటల్లో పెసరట్టు తిని కాఫీ చెప్పాను. డికాక్షన్ చిక్కగా, చికోరీ కాస్త ఎక్కువే, పైన నురగ, గాజు గ్లాసు పట్టుకుంటే వేళ్లు కాలేంత వేడి. ముప్పై రూపాయలు. కానీ అక్కడ కూర్చోవడం అనే పద్ధతి లేదు. కాఫీతో పాటే బిల్లు వస్తుంది. సగం గ్లాసు ఉండగానే క్లీనరు తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెడతాడు. ఒక్క మాటా అనడు, ఆ గుడ్డే లేవమని చెబుతుంది. తప్పు అతనిది కాదు, వెనకాల నలుగురు నిలబడి మన ప్లేటు వంకే చూస్తున్నారు.

సరే అని దానవాయిపేటలో ఒక ఏసీ కెఫేకి వెళ్లాను. కాపుచీనో నూట డెబ్భై. రుచి పొద్దున తాగిన ముప్పై రూపాయల కాఫీ దరిదాపుల్లో లేదు, అయినా కుర్చీకి అద్దె అనుకుంటే గిట్టుబాటే. నెట్ బాగుంది. ప్లగ్ పాయింట్లు రెండు బల్లల దగ్గరే ఉన్నాయి, అందులో ఒకటి నాకు దొరికింది. మూడు గంటలు హాయిగా పని జరిగింది. అయిదింటికి పక్క బల్ల దగ్గరికి కాలేజీ పిల్లలు పదిమంది కేకు పట్టుకుని వచ్చారు. ఆ నురగ స్ప్రే కేకు కోసే పిల్ల మీద సగం, నా కీబోర్డు మీద సగం పడింది. "సారీ అన్నా" అని ఒకడు టిష్యూతో తుడవబోయి స్పేస్ బార్ కిందికి ఇంకొంచెం తోశాడు. పొద్దున పూట అయితే ఆ కెఫేకి నిస్సంకోచంగా వెళ్లొచ్చు. సాయంత్రం వద్దు.

గౌతమీ గ్రంథాలయం కూడా చూశాను. చదువుకునేవాళ్లకు బంగారం లాంటి చోటు, కానీ ఫోన్లో మాట్లాడే ఉద్యోగం నాది. పుష్కర ఘాట్ మెట్ల మీద హాట్‌స్పాట్ పెట్టుకుని ఒక అరగంట కూర్చున్నాను. 1997లో రైళ్లు ఆపేసిన హేవలాక్ వంతెన వంక చూస్తూ కూర్చున్నానే గానీ మెయిల్ ఒక్కటీ పంపలేదు.

కాఫీకీ నెట్‌కీ ఒకప్పుడు పొత్తు బాగానే కుదిరింది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ టెలికాం కంపెనీ వీఎస్ఎన్ఎల్. మరుసటి ఏడాదే బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి షాపు తెరిచినప్పుడు కాఫీతో పాటు నెట్ కూడా అమ్మింది. మా వైపు ఆ సంబంధం కలవలేదు. కాఫీ హోటలు వాడిది, నెట్ జిరాక్స్ వాడిది. 2016లో జియో వచ్చాక నెట్ సెంటర్లు చాలావరకు మూతబడ్డాయని నేను అనుకున్నాను. అమలాపురంలో ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది.

రావులపాలెం మీదుగా బస్సులో అమలాపురం చేరాక మా బావ బండి మీద గడియార స్తంభం దగ్గర దింపి, "ఆ సందులో నెట్ సెంటరుంది, చూడు" అన్నాడు. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, పాన్ కార్డు, గల్ఫ్ టికెట్లు అన్నీ ఒకే బోర్డు మీద. లోపల నాలుగు కంప్యూటర్లు, మూడు పనిచేస్తాయి. "నా ల్యాప్‌టాప్‌కి నెట్ కావాలండీ" అంటే ఓనరు "ఆయ్, కూర్చోండి" అని ఒక కేబుల్ తీసి ఇచ్చాడు. ముందు ఆధార్ చూసి రిజిస్టర్లో రాసుకున్నాడు. 2011 నాటి సైబర్ కెఫే నిబంధనల ప్రకారం గుర్తింపు చూడాలి, ఆ రికార్డు ఏడాదిపాటు ఉంచాలి. కంప్యూటర్ల మధ్య అడ్డు ఎత్తు కూడా నాలుగున్నర అడుగులు దాటకూడదు. అందుకే కూర్చున్నచోటి నుంచే దుకాణమంతా కనబడుతుంది.

గంటకు నలభై. ఫైబర్ కనెక్షన్, కరెంటు పోతే ఇన్వర్టరు. ఆ రోజు రెండుసార్లు పోయింది, కాల్ ఒక్కసారీ తెగలేదు.

మధ్యాహ్నం ఒకావిడ కువైట్ వెళ్లే కాయితాలు ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. తీశాక "దీన్ని లామినేషన్ చేసెయ్ బాబూ, నలిగిపోద్ది" అంది. "వద్దమ్మా, దీని మీద స్టాంపు వెయ్యాలంటే ఎలా వేస్తారు? ఇదిగో, ఇది వీసా, ఇది టికెట్టు. ఎయిర్‌పోర్టులో రెండూ చేతిలోనే ఉండాలి" అని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చాడు. ఆవిడ ఆ కవరు చీర కొంగులో చుట్టుకుని, మళ్లీ విప్పి, రెండూ ఉన్నాయో లేదో చూసుకుని వెళ్లింది. ఫోన్లో నెట్ ఉన్న ఊళ్లో నెట్ సెంటర్ ఎందుకు బతికిందో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం బావ వచ్చాక 2022 మే సంగతి ఎత్తాడు. కోనసీమ జిల్లా పేరు మార్పు మీద గొడవలు జరిగి నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచి భుజానేసుకుని సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు, జిల్లా అవతలకు పోయారు. బావ యానాం వెళ్లేవాడట, పొద్దున క్యారేజీ కట్టించుకుని. "నీకు ఒక్క మీటింగుకే ఇంత టెన్షనా?" అని నవ్వాడు.

ఇక్కడ లేనిదల్లా కాఫీ. పక్క బడ్డీలో టీ ఉంది, గంటకోసారి చిన్న పేపరు కప్పులో వస్తుంది, తీపి ఎక్కువ. రెండో రోజు నుంచి అత్తయ్య ఇంటి కాఫీ ఫ్లాస్కులో పోసి పంపింది. ఓనరుకు కూడా ఒక కప్పు పోశాను. తాగి, "పాలు మీ గేదెవేనాండీ?" అని అడిగాడు.

మధ్యలో ఒక పూట చించినాడ వంతెన మీదుగా భీమవరం వెళ్లాను. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల పుణ్యమా అని బేకరీలు చాలానే ఉన్నాయి. కూర్చోనిస్తారు, మిషన్ కాఫీ ఇస్తారు, నెట్ మాత్రం మన ఫోనుదే. పనికోసం అంత దూరం పోనక్కర్లేదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ నెట్ సెంటరు పొద్దున తొమ్మిదిన్నరకు తీస్తారు, ఆదివారం సెలవు. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో ఆదివారం కూడా తీస్తారు గానీ అప్పుడు మీకు కుర్చీ దొరకదు.