పీపింగ్ టామ్ 4కె డిస్క్: కొనేముందు రీజియన్ చూసుకోండి

మైఖేల్ పావెల్ 1960లో తీసిన బ్రిటిష్ సైకలాజికల్ థ్రిల్లర్ పీపింగ్ టామ్‌ను అమెరికా డిస్కుల కంపెనీ క్రైటీరియన్ 2024లో 4కెలో విడుదల చేసింది. సెట్‌లో రెండు డిస్కులుంటాయి: ఒకటి 4కె అల్ట్రా హెచ్‌డీ, రెండోది మామూలు బ్లూ-రే. హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్‌లో ఆ రెండోది ఆడదు. బ్లూ-రేలకు రీజియన్ తాళం ఉంటుంది, ఒక ప్రాంతపు డిస్కు వేరే ప్రాంతపు ప్లేయర్‌లో ఆడదు. ఆ లెక్కలో అమెరికా రీజియన్ ఎ, బ్రిటన్ రీజియన్ బి, మనది రీజియన్ సి. అందుకే బ్రిటన్‌లో స్టూడియోకెనాల్ వేసిన బ్లూ-రే తెప్పించినా ఫలితం అంతే. 4కె డిస్కులకు మాత్రం ఈ గొడవ లేదు, ఏ దేశానిదైనా ఆడుతుంది. తక్కువ ధరకు వస్తోందని బ్లూ-రే ఒక్కటే ఆర్డర్ పెట్టి, దిగుమతి సుంకం కూడా కట్టాక తెరమీద రీజియన్ ఎర్రర్ చూసి చాలామంది బాధపడతారు. తెప్పిస్తే 4కె డిస్కే తెప్పించండి.

దానికి 4కె ప్లేయర్ ఉండాలి. పాత బ్లూ-రే ప్లేయర్ ఈ డిస్కును చదవలేదు. డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 సరిపోతుంది కానీ అందులో డాల్బీ విజన్ రాదు, హెచ్‌డీఆర్10 మాత్రమే వస్తుంది (రెండూ హెచ్‌డీఆర్ రకాలే, అంటే వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతులు). డాల్బీ విజన్ లేని టీవీల్లోనూ అంతే. దానికి దిగులు పడక్కర్లేదు, బొమ్మ బాగానే ఉంటుంది. టీవీ మెనూలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు 'ఎన్‌హాన్స్‌డ్' లాంటి ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. అది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో హెచ్‌డీఆర్ అసలు రాదు.

ఇక బొమ్మ సంగతి. ఈ డిస్కుకు పెట్టే ప్రతి రూపాయీ దీనికే. ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తెరంతా గులాబీగా మారుతుంది. మన డెబ్బైల నాటి రంగుల సినిమాల ప్రింట్లు చూసినవాళ్లకు ఇది తెలిసిందే. ఈ సినిమాకు రంగే ప్రాణం కాబట్టి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్, బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) నేషనల్ ఆర్కైవ్ రెండూ స్టూడియోకెనాల్‌తో కలిసి చేసిన ఈ పునరుద్ధరణలో ఛాయాగ్రాహకుడు ఓటో హెల్లర్ వేసిన లైటింగ్ మళ్లీ విడివిడిగా కనిపిస్తుంది: వీధిలో రాత్రి నీడలు, డార్క్‌రూమ్ ఎరుపు, స్టూడియోలో నీలం ట్రంకు పెట్టె. మొదటి హత్యను పావెల్ కెమెరా వ్యూఫైండర్‌లోంచి రంగుల్లో చూపిస్తాడు. వెంటనే టైటిల్స్ కింద అదే దృశ్యం నలుపు-తెలుపులో, హీరో ఇంటి ప్రొజెక్టర్‌పై తిరుగుతుంది. ఈ రెండింటి తేడా ఎంత తేటగా తెలిస్తే, చూసేవాడికి గుండె అంత బరువెక్కుతుంది.

హీరో మార్క్ సినిమా స్టూడియోలో ఫోకస్ పుల్లర్, అంటే షాట్ నడుస్తుండగా లెన్స్ ఫోకస్ సరిచేసే అసిస్టెంట్. కృష్ణానగర్ కెమెరా అసిస్టెంట్లు ఎవరైనా ఇతని చేతుల కదలికను మనకన్నా బాగా పట్టేస్తారు. మార్క్ చిన్నప్పుడు అతని తండ్రి తీసిన ఫిల్ముల్లో తండ్రిగా పావెలే కనిపిస్తాడు, చిన్నప్పటి మార్క్‌గా కనిపించే పిల్లవాడు పావెల్ కొడుకే. అంతకంటే చెప్తే కథ పాడవుతుంది.

టీవీ సెట్టింగుల్లో తప్పులు ఎక్కువ జరిగేది మూడు చోట్ల. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే కెమెరా కదలిక సీరియల్‌లా జారుతుంది, ఆపేయాలి. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే గ్రెయిన్ (ఫిల్ముకు సహజంగా ఉండే సన్నటి రవ్వలు) చెరిగిపోయి ముఖాలు మైనంలా తయారవుతాయి, అదీ ఆపాలి. 'వివిడ్' మోడ్ పెడితే డార్క్‌రూమ్ ఎరుపు అంతా ఒకే ముద్ద అవుతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ సినిమా మోడ్ గానీ పెట్టి, ట్యూబ్‌లైట్ ఆపి చూడండి. ఫ్రేమ్ నిష్పత్తి 1.66 కాబట్టి 55 అంగుళాల టీవీలో అటూ ఇటూ దాదాపు నాలుగేసి సెంటీమీటర్ల నల్లపట్టీలు వస్తాయి. జూమ్ చేసి వాటిని పోగొడితే పైనా కిందా బొమ్మ తెగుతుంది.

శబ్దం మోనో. సౌండ్‌బార్‌లో వర్చువల్ సరౌండ్ ఉంటే తీసేయండి, లేకపోతే సంగీత దర్శకుడు బ్రయన్ ఈస్‌డేల్ కూర్చిన పియానో నూతిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్‌వే.

అదనపు విశేషాల్లో సినిమా పండితులు లారా మల్వీ, ఇయన్ క్రిస్టీల రెండు కామెంటరీలు, దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ పరిచయం, పావెల్ భార్య, ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ ఇంటర్వ్యూ ఉన్నాయి. ఈ వీడియోలు సెట్‌లోని బ్లూ-రే మీద ఉంటాయి కాబట్టి రీజియన్ ఎ ఆడే ప్లేయర్ ఉన్నవాళ్లే చూడగలరు. రచయిత లియో మార్క్స్‌పై డాక్యుమెంటరీని మాత్రం అలాంటి ప్లేయర్ ఉంటే వదలొద్దు: రెండో ప్రపంచయుద్ధంలో గూఢచారులకు సంకేతలిపులు రూపొందించిన మనిషి ఆయన. ఇవన్నీ సినిమా చూశాకే చూడాలి. ముగింపు గురించి మొహమాటం లేకుండా మాట్లాడతారు.

స్టూడియోకెనాల్ వాళ్ల బ్రిటన్ 4కె కూడా ఇక్కడ ఆడుతుంది. రెండింట్లో ఏది తక్కువ ఖర్చుకు ఇంటికి చేరుతుందో షిప్పింగ్, సుంకం కలిపి లెక్కేసుకుని తీసుకోండి. పార్సిల్ రాగానే డిస్కు ట్రేలోంచి ఊడి కదులుతోందా అని చూడండి. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పి కాదు. రిటర్న్ గడువు దాటకముందే 101 నిమిషాలూ ఒకసారి పూర్తిగా ఆడించండి. 4కె డిస్కుల్లో లోపం ఉంటే మొదట్లో కనిపించకపోవచ్చు, సగంలో బొమ్మ బిగుసుకుపోయినప్పుడే బయటపడుతుంది.