తేమ మీటరును నమ్మకండి: ఇంట్లో అసీల్ గుడ్లు పొదిగించిన అనుభవం

ఎన్ని గుడ్లు పడతాయి, ఎంత కరెంటు లాగుతుంది, డబ్బాలో ఏమేమి వస్తాయి అన్నవి అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి. వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా మా ఇంట్లో అసీల్ అనే పందెం కోడి జాతి గుడ్లు పొదుగుతున్న ఈ ఇంక్యుబేటర్ గురించి నేను చెప్పదలచింది ముఖ్యంగా ఒక్కటే. దాని తెర మీద ఎర్రగా వెలిగే రెండు అంకెల్లో వేడి అంకెను నమ్మవచ్చు, తేమ అంకెను నమ్మకూడదు. ఆ రెండో అంకె మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ముందు మంచి చెబుతాను. వేడి విషయంలో ఇది నికార్సైన యంత్రం. లోపల ఫ్యాను తిరిగే పెట్టెలో కోడిగుడ్డుకు 37.5 డిగ్రీల వేడి కావాలి. జ్వరం చూసుకునే థర్మామీటరులో అది 99.5 అవుతుంది, కాబట్టి ఇంట్లో ఉన్న పరికరంతోనే సరిచూసుకోవచ్చు. నేను దాన్ని గుడ్ల మధ్య ఉంచి నాలుగు మూలలా చూశాను. ఎక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. గంటకోసారి గుడ్లను అటూ ఇటూ వంచే మోటారు ఇంతవరకూ మొరాయించలేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుస్తుంది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసిన ఒక రాత్రి పెట్టె మీద రెండు దుప్పట్లు కప్పి ఉంచితే గుడ్లకు ఏమీ కాలేదు. పెట్ట కూడా మేత కోసం రోజూ కాసేపు గుడ్లు వదిలి లేస్తుంది కదా, ఆ మాత్రం చల్లదనాన్ని గుడ్డు తట్టుకుంటుంది.

అసీల్ పెట్టకంటే శ్రద్ధగా పొదిగే కోడి ఉండదు, దానికి యంత్రం ఎందుకని మా ఊళ్లో అందరూ అడిగారు. పొదగడంలో దానికి వంక పెట్టలేం. కానీ అది గుడ్లు పెట్టేదే తక్కువ. ఏడాది మొత్తం మీద 30, 40 గుడ్లు పెడితే గొప్ప. కొన్ని పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులు పొదుగుతుంది, ఆపైన రెండు మూడు నెలలు పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది. అంతకాలం మళ్లీ గుడ్డు ఉండదు. గుడ్లు తీసి యంత్రంలో పెడితే పెట్ట త్వరగా మళ్లీ గుడ్డుకు వస్తుంది. మా పాలకొల్లు వైపు అసీల్ అనగానే అందరికీ సంక్రాంతి బరే గుర్తొస్తుంది. పందేలు చట్టవిరుద్ధం, నాకు వాటితో పని కూడా లేదు. పందెం కోసం బయటి దేశాల పుంజులతో కలిపేయడం వల్ల పొట్టి ముక్కు, మూడు వరసల చిన్న తురాయి, బిగుతైన పలచటి ఈకలు, నిటారైన నిలకడ ఒక్కచోట ఉన్న కోడి దొరకడం కష్టమవుతోంది. నా దగ్గరున్నవి ఒక పాత వరుసకు చెందిన డేగలు, కాకులు (ఈకల రంగును బట్టి కోళ్లకు పెట్టే పేర్లివి). ఆ వరుస తెగిపోకూడదు. అందుకే నాకు ప్రతి గుడ్డూ లెక్కే.

ఇక తేమ సంగతి. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పొదిగినన్నాళ్లూ వాటిగుండా లోపలి నీరు కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. పోవాలి కూడా. 18 రోజులు నిండేసరికి గుడ్డు బరువులో 12, 13 శాతం తగ్గితేనే వెడల్పు కొన దగ్గరి గాలి గది చాలినంత పెరుగుతుంది. పిల్ల ముక్కుతో పొర చీల్చి ఆ గదిలోనే తొలి ఊపిరి తీసుకుంటుంది, ఆ తర్వాతే పెంకు పగలగొడుతుంది. తేమ ఎక్కువైతే నీరు పోదు, గది పెరగదు. పిల్ల ఉబ్బిపోయి, తిరగడానికి చోటు లేక, ముక్కులోకి నీరు చేరి లోపలే చనిపోతుంది. తేమ మరీ తక్కువైతే పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. అందుకే మొదటి 18 రోజులు 50 శాతం దగ్గర, చివరి మూడు రోజులు 65 నుంచి 70 దాకా ఉంచమంటారు.

ఆ వానాకాలం నేను తెర మీద 50 ఉండేలా తొట్టిలో నీళ్లు పోస్తూ వచ్చాను. ఏడో రోజు ఫోను లైటు పెట్టి చూస్తే దాదాపు అన్ని గుడ్లలోనూ నరాలు ఎర్రగా అల్లుకుని ఉన్నాయి. 18వ రోజు పిల్లల కదలిక కనిపించింది. 20వ రోజు రాత్రి చెవి దగ్గర పెట్టుకుంటే కొన్ని గుడ్లలోంచి కిచకిచలు కూడా వినిపించాయి. 21 గడిచింది, 22 గడిచింది. రెండే పిల్లలు బయటికి వచ్చాయి. వాటికీ పొట్టలు ఉబ్బి, ఒంటి నూగు జిగటగా అంటుకుపోయి ఉంది. మిగతా గుడ్లను పెరట్లో ఒక్కొక్కటే పగలగొట్టి చూశాను. ప్రతి దానిలోనూ పూర్తిగా ఎదిగిన పిల్లే. గోళ్లతో సహా అన్నీ ఏర్పడ్డాయి, ముక్కు గాలి గది వైపే తిరిగి ఉంది. మురిగిన గుడ్డు పారేయడం నాకు కొత్త కాదు. బతికి, అరిచి, పెంకు దాటలేక పోయిన పిల్లలను వరసగా నేల మీద పెట్టి చూడటం మాత్రం భరించలేకపోయాను. మా డేగ పెట్ట ఆ ఏడాది పెట్టిన గుడ్లలో సగం ఆ వరసలోనే ఉన్నాయి.

అమ్మినవారికి ఫోను చేస్తే, “జాతి కోడి గుడ్లు అంతేనండీ, పుంజు ముసలిదై ఉంటుంది” అన్నారు. పుంజు ముసలిదైతే గుడ్డులో పిల్లే కట్టకూడదు. పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకు దాటలేకపోవడానికి పుంజు వయసుకు ఏమిటి సంబంధం? పైగా అదే డేగ పెట్ట గుడ్లు కొన్నిటిని మా మేనత్త తన నాటు పెట్ట కింద పెట్టింది. ఆ వారంలోనే అవి దాదాపు అన్నీ పిల్లలయ్యాయి. గుడ్లలో లోపం లేదని అప్పుడే తేలిపోయింది.

మీటరును సరిచూడటానికి వంటింటి ఉప్పు చాలు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీళ్లు మాత్రమే చల్లాలి. గాలి చొరబడని జిప్ కవరులో ఆ మూతను, మీటరు తీగ కొసను కలిపి మూసేసి ఒక రాత్రి వదిలేయాలి. ఏ ఊరైనా, ఏ కాలమైనా ఆ కవరులో తేమ 75 శాతం దగ్గరే నిలుస్తుంది. అది ఉప్పు గుణం. నా యంత్రం 58 చూపింది. అంటే తెర మీద 50 ఉన్నన్నాళ్లూ లోపల 67 దగ్గర ఉందన్నమాట. ఆ సంగతి చెప్పాక కొత్త తీగ పంపారు, దానికి డబ్బు తీసుకోలేదు. ఆ మాట కూడా రాయాలి. ఉప్పు కవరులో ఆ కొత్తది 66 చూపింది. మూడోది నేను అడగలేదు.

ఇప్పుడు ఆ అంకె మీద నల్ల టేపు అంటించాను. గుడ్లను తూచి చూసుకుంటున్నాను. మా అసీల్ గుడ్లు పది కలిపి 450 గ్రాముల చుట్టూ ఉంటాయి. వారానికి సుమారు 20 గ్రాములు తగ్గాలి, 18వ రోజుకు 395 దగ్గరికి రావాలి. తగ్గుదల చాలకపోతే తొట్టిలో నీళ్లు తీసేస్తాను, ఎక్కువైతే పోస్తాను. జూలై నుంచి అక్టోబరు దాకా మా దగ్గర మొదటి 18 రోజులు చుక్క నీళ్లు అక్కర్లేదని ఈ తూకం వల్లే తెలిసింది. బయట 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలోకి వెళ్లి 37.5కు వేడెక్కగానే దాని తేమ 55 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. గుడ్డుకు అదే చాలు. మేనత్త వానాకాలం గంపలో పొడి ఇసుక మీద గడ్డి పరిచి గుడ్లు పెడుతుంది, ఎండాకాలం ఇసుక తడుపుతుంది. శాతాలు తెలియకుండానే ఆమె చేస్తున్నది ఇదే. ఉరుములకు గుడ్లు చెడతాయని గంపలో ఒక ఇనుప ముక్క, ఎండుమిరపకాయ కూడా వేస్తుంది. అది మాత్రం నేను చేయడం లేదు.

తూకం మొదలుపెట్టాక పెంకులో చనిపోయే పిల్లలు బాగా తగ్గాయి. అసలు ఉండవని చెప్పను, ఇంకా ఒకటీ అరా పోతూనే ఉంటాయి. చివరి మూడు రోజులు మాత్రం నీళ్లు నిండుగా పోసి మూత మూస్తాను. మొదటి పిల్ల బయటికి వచ్చిందని మూత తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, అప్పుడే పెంకు చిట్లించిన మిగతా పిల్లల మీద పొర బిగిసిపోతుంది. వచ్చిన పిల్ల రెండు రోజులు మేత, నీళ్లు లేకపోయినా ఉండగలదు, పచ్చసొన దాని కడుపులోనే ఉంటుంది. తొందరపడనక్కర్లేదు.

మోటారు మొరాయించలేదని పైన రాశాను. ఇప్పటికీ అదే మాట. అయితే ట్రేలోని గూళ్లు ఫారం గుడ్డు కొలతకు చేసినవి. మా చిన్న గుడ్లు వాటిలో వదులుగా కదిలి, వంగినప్పుడల్లా గోడకు కొట్టుకుంటాయి. పెంకులు బీటలు వారడం చూశాక చుట్టూ కాగితం మడతలు దోపుతున్నాను. వేడి నిలకడ కూడా గది మరీ వేడెక్కనంత వరకే. మే నెల మధ్యాహ్నం గదే 40 డిగ్రీలకు చేరితే, ఈ పెట్టెకు తనను తాను చల్లబరుచుకునే దారి లేదు. 38.5 దాటి కూత పెడుతూనే ఉంటుంది. నడివేసవిలో నేను దీన్ని వాడను.

నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. కొన్ని రోజులుగా ఉత్తుత్తి గుడ్ల మీద పొదుగుకు కూర్చున్న పెట్ట ఉంటే, 18వ రోజు చీకటి పడ్డాక యంత్రంలోని గుడ్లను దాని కిందికి మార్చేస్తున్నాను. చివరి మూడు రోజుల తేమను అదే చూసుకుంటుంది. పెంకు లోపలి పిల్ల అరిస్తే పైనుంచి మెల్లగా పలుకుతుంది. ఆపైన పిల్లల పెంపకం బాధ్యత కూడా నా మీద పడదు. పెట్ట దొరకని విడతల్లో మాత్రం బల్బు కిందే పెంచాలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడు చొప్పున తగ్గించమంటారు. అసీల్ పిల్లలకు ఈకలు నిదానంగా వస్తాయి కాబట్టి నేను బల్బు ఇంకొంత కాలం ఉంచుతాను. కాస్త ఎదగగానే ఒకదానితో ఒకటి తలపడతాయి, రక్తం కనబడితే మిగతావి కూడా పొడుస్తాయి. దెబ్బతిన్నదాన్ని వెంటనే విడిగా ఉంచాలి. కొక్కెర తెగులు టీకా 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లో చుక్కగా వేయాలి. చిన్న సీసా అయినా వంద పిల్లలకు సరిపడా ఉంటుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. అందుకని ఇరుగుపొరుగు వారి కోడిపిల్లలను కూడా గంపల్లో తెప్పించి అన్నిటికీ ఒకేసారి వేస్తాం.

కొనమంటారా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. మాది తీరానికి దగ్గర ఊరు, నావి కొద్దిపాటి గుడ్లు, పొదిగే పెట్టలు చేతి దగ్గరే ఉన్నాయి. అనంతపురం వైపు పొడిగాలిలో నీళ్లు పోయని నా పద్ధతి గుడ్లను ఎండబెట్టేస్తుంది. కడక్‌నాథ్ పెంచేవారైతే తీసుకోవాలి. 2018లో మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చిన ఝాబువా నల్లకోడి అది, దాని పెట్టలు పొదుగుకు సరిగా కూర్చోవు. పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు కావాలనుకునేవారికి పిల్లలే దొరుకుతాయి, గుడ్లతో పడే పాట్లు అక్కర్లేదు. అసీల్ పెట్టలు రెండు మూడే ఉంటే ఈ ఏడాదికి వాటినే పొదగనివ్వండి. అయినా కొనాలనుకుంటే తూకం యంత్రం కూడా తెచ్చుకోండి, మొదటి గుడ్డు పెట్టకముందే ఉప్పు కవరులో మీటరును ఉంచి చూడండి. 75కు అయిదు అంకెలకు మించి తేడా ఉంటే, గడువు దాటకముందే యంత్రాన్ని వెనక్కి పంపండి.