లా కాలేజీ కోసం హనుమకొండలో ఇల్లు వెతికితే

కాకతీయ యూనివర్సిటీలో లా సీటు వచ్చిందనగానే అందరూ నయీంనగర్, కేయూ క్రాస్ రోడ్డు దారి పడతారు. యూనివర్సిటీ ఆ వైపు విద్యారణ్యపురిలో ఉన్న మాట నిజమే. లా కాలేజీ మాత్రం సుబేదారిలో ఉంది. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో మా అమ్మాయికి మూడేళ్ల ఎల్ఎల్‌బీ సీటు వచ్చాక, మంథనిలో బంధువులు రాసిచ్చిన చిరునామాలన్నీ నయీంనగర్‌వే. వాళ్ల పిల్లలంతా ఇంటర్ అక్కడే చదివారు మరి.

దిగింది బస్టాండు దగ్గర ఓ లాడ్జిలో. దుప్పటి అడిగితే ఇచ్చారు, ఉతికిన దుప్పటి అడిగితే మొహం చిట్లించారు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు, ఖర్చు కాస్త ఎక్కువైనా, నక్కలగుట్టలో పర్యాటక శాఖ వారి హరిత కాకతీయ హోటల్లో దిగడం మేలు. సుబేదారి, బాలసముద్రం రెండూ అక్కడికి దగ్గర.

నయీంనగర్‌లో టు-లెట్ బోర్డులకు కొదవ లేదు. హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు అడుగడుగునా ఉన్నాయి. తక్కువ ఖర్చులో కడుపు నిండాలంటే అంతకు మించిన పేట లేదు. ఒక కింది పోర్షన్ మా ఇద్దరికీ నచ్చింది కూడా. కొత్త సున్నం, గాలి, వెలుతురు, కిరాయి కూడా అందుబాటులోనే. అయితే గదిలో ప్లగ్గులన్నీ నా భుజాల ఎత్తున ఉన్నాయి. నేల దగ్గర ఒక్కటీ లేదు. పక్క వాటాలో ఫ్రిజ్ ఇటుకల దిమ్మె మీద ఎక్కి కూర్చుంది. ఎందుకని అడిగితే ఇంటాయన ‘పిల్లలు ముట్టుకోకుండా’ అన్నారు. వీధి చివర కిరాణా కొట్టామె అసలు సంగతి చెప్పింది: ‘నాలా పొంగితే నీళ్లు ఇంతవరకు వస్తాయన్నా’ అంటూ చేత్తో నడుము దగ్గర చూపించింది. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ ఈ లోతట్టు కాలనీలు మునిగిన వార్తలు మంథనిలో కూర్చుని మేమూ చదివినవే. ఆ తర్వాత నాలా మీద వంతెన కొత్తగా కట్టారు. అయినా మూడేళ్ల పుస్తకాలు నేల మీద పెట్టుకునే పిల్లకు కింది వాటా వద్దనుకున్నాను. హంటర్ రోడ్డు వెంట పల్లపు కాలనీలదీ ఇదే కథ. అక్కడైనా ఇక్కడైనా ఇల్లు నచ్చితే సున్నం చూడకండి, ప్లగ్గులు చూడండి.

కాజీపేట వైపు వెళ్లమని రైల్వేలో పనిచేసే మా తోడల్లుడు గట్టిగా చెప్పాడు. హైదరాబాద్ రైళ్లకు అది మంచి జంక్షన్, హైకోర్టులో ఇంటర్న్‌షిప్ దొరికితే పొద్దున రైలెక్కి వెళ్లవచ్చు. ఇంజనీరింగ్ విద్యాసంస్థ నిట్ ఉండటంతో ఫాతిమానగర్ దాకా దారి పొడవునా మనుషుల సందడి ఉంటుంది. కానీ ఆ ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సు మొత్తానికి కనీసం పన్నెండు వారాలు. క్లాసులు మాత్రం రోజూ ఉంటాయి. లా చదువుకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. పన్నెండు వారాల కోసం మూడేళ్లు ఆటోల్లో తిరగడం ఏం లెక్క? ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితమే, ఆధార్ చూపిస్తే చాలు. అయితే టికెట్ డబ్బులు మిగిలినంత మాత్రాన బస్సు టైముకు రాదు కదా.

చివరికి నన్ను ఒప్పించింది అదాలత్. సుబేదారిని ఆనుకుని ఉన్న ఈ చౌరస్తాకు ఆ పేరు కోర్టు వల్లే వచ్చింది. పది కోర్టుల కొత్త భవన సముదాయాన్ని 2021 డిసెంబరులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ఇక్కడే ప్రారంభించారు. పొద్దున పదింటికి అక్కడ నిలబడితే చాలు. నల్లకోట్లు చేతి మీద వేసుకున్న వకీళ్లు, సంచిలో కాగితాలతో ఊళ్ల నుంచి వచ్చిన కక్షిదారులు, వకాలత్ ఫారాలమ్మేవాళ్లు. ఒక పెద్దాయన తన పేషీ ఏ కోర్టులో ఉందో చదివి చెప్పమని మా అమ్మాయి చేతికే కాగితం ఇచ్చాడు. ఎల్ఎల్‌బీ పూర్తయ్యేలోపు ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలి. దానికి మార్కులున్నాయి. వాయిదా పడితే మళ్లీ వెళ్లాలి, మళ్లీ పడితే మళ్లీ. ఇల్లు దూరమైతే ఆ పని ఎవరి రికార్డో చూసి రాయడంతో ముగుస్తుంది, అందరికీ తెలిసిందే.

సుబేదారిలో ఇబ్బంది లేకపోలేదు. ఆర్ట్స్ కాలేజీ మైదానం పెద్ద సభలకు పెట్టింది పేరు. 2022 మేలో రాహుల్ గాంధీ సభ, 2023 జూలైలో ప్రధాని మోదీ సభ జరిగింది అందులోనే. అలాంటి రోజుల్లో రోడ్లు మూసేస్తారు, మైకుల హోరులో చదువు సాగదు. కిరాయిలు కూడా నయీంనగర్ కంటే ఎక్కువ చెప్పారు. బాలసముద్రంలో అయితే ఇంకాస్త ఎక్కువే. కాళోజీ కళాక్షేత్రం ఆడిటోరియం వచ్చాక ఆ పేటకు హోదా పెరిగిందని ఒక ఓనర్ నాతోనే అన్నారు. నాటకం చూసేవాళ్ల డబ్బులు మేమెందుకు కట్టాలో అర్థం కాలేదు.

చదువుకోవడానికి ఇల్లు చాలకపోతే హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఉంది. తెలుగు పుస్తకాల మీద ప్రేమ ఉన్న పిల్లలకు ఓసారి చూపించండి.

సుబేదారిలోనే మొదటి అంతస్తులో ఒక గది, వంటిల్లు దొరికాయి. నల్లా నీళ్లతో పాటు బోరు కూడా ఉంది. ఇంటావిడ పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పి చూపించి పదకొండు నెలల అగ్రిమెంటు చేతికిచ్చారు. ఎక్కడైనా ఈ పదకొండు నెలల లెక్కే. మా అమ్మాయి అంతా చదివి, ఖాళీ చేయించాలంటే ఓనర్ నెల ముందు నోటీసిస్తే చాలని రాశారు, ఖాళీ చేయాలంటే అద్దెదారు రెండు నెలల ముందు ఇవ్వాలని ఎందుకు రాశారని అడిగింది. ఇంటావిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం తానూ మొదటిసారి చదివినట్టు చదివి, పెన్నుతో రెండును ఒకటి చేశారు. ‘కాలేజీ ఇంకా తెరవనేలేదు కదా బిడ్డా’ అన్నారు. అడ్వాన్స్ మాత్రం తగ్గించలేదు.